పాల్సా కింద ఐస్ ఎంత దిగింది? అబిస్కో పీట్ నేలలో కొలతల డైరీ

పని ఇదీ. ఉత్తర స్వీడన్‌లో అబిస్కో దగ్గర, టోర్నెట్రాస్క్ సరస్సు పక్కనున్న పీట్ నేలలో ఒక పాల్సా గుట్ట మీదుగా 60 మీటర్ల గీత వేసుకున్నాం. ఎండుగా ఉండే గుట్ట నెత్తి మీద మొదలై, అంచు దిగి, నీళ్లు నిలిచిన గడ్డి మడుగులో ముగుస్తుంది. 5 మీటర్లకొకటి చొప్పున 13 బిందువులు. ప్రతి బిందువు దగ్గర ఏటా ఒకే వారంలో ఐస్ లోతు, నేల ఎత్తు కొలవాలి. మూడు చోట్ల నేల లోపలి ఉష్ణోగ్రత ఏడాది పొడవునా రికార్డు కావాలి. ఆరు చోట్ల మీథేన్ కొలవాలి.

ముందుగా మాటల సంగతి. ఆకాశం నుంచి పడేదాన్నీ, నేలలో గడ్డకట్టినదాన్నీ తెలుగులో మంచు అనే అంటాం. ఇక్కడ ఆ రెండూ ఒకదానికొకటి ఎదురు పనిచేస్తాయి కాబట్టి కలిపేస్తే లెక్క తప్పుతుంది. ఈ డైరీలో పడేది హిమం, నేలలోది ఐస్. వరసగా రెండేళ్లు, అంతకుమించి సున్నా డిగ్రీలు దాటకుండా ఉన్న నేల పర్మాఫ్రాస్ట్. పీట్ అంటే సగం కుళ్లి ఆగిపోయిన నాచు, గడ్డి వేల ఏళ్లుగా పేరుకున్న పొర. ఆ పొర లోపల ఐస్ పలకలు పలకలుగా పెరిగి నేలను పైకి ఎత్తితే వచ్చే గుట్ట పాల్సా.

ఏప్రిల్: పరికరాల కంటే ముందు లెక్క

అబిస్కో పరిశోధన కేంద్రంలో 1913 నుంచి గాలి ఉష్ణోగ్రత రాసి ఉంచారు. 2006 నాటికి అక్కడి ఏడాది సగటు 2.5 డిగ్రీలు పెరిగి సున్నా దాటింది. సగటు సున్నా దాటిన చోట నేలలో ఐస్ ఎలా నిలుస్తుంది? దీనికి జవాబు తెలియకుండా సెన్సర్లు పాతితే ఏ లోతులో ఎన్ని పెట్టాలో తేలదు.

కిటుకంతా నీటిలో ఉంది. వేడిని దాటించడంలో నీటి విలువ 0.57 (మీటరుకు, డిగ్రీకి వాట్లలో), ఐస్ విలువ 2.2. దాదాపు నాలుగు రెట్లు. వేసవిలో పాల్సా పైనున్న నాచు ఎండి బొరుగుల్లా తేలికైపోతుంది, లోపలంతా గాలే. అప్పుడు దాని విలువ 0.06 దగ్గర ఉంటుంది, థర్మోకోల్‌కు మరీ దూరం కాదు. అదే నాచు చలికాలం ముందు వానలకు తడిసి గడ్డకట్టాక 1.5 దాటుతుంది. వేసవి వేడికి తలుపు మూసి ఉంటుంది, చలికాలం చలికి బార్లా తెరిచి ఉంటుంది. పాల్సాలో ఐస్ బతికేది గాలి చల్లదనం ఒక్కదానితో కాదు, ఈ తలుపుతో.

ఎంత లోతు కరుగుతుందో స్టీఫన్ సూత్రంతో వేసి చూశాం: లోతు వర్గం = 2 × ఉష్ణవాహకత (పైన చెప్పిన వేడి దాటించే విలువ) × వేసవి డిగ్రీ-రోజులు ÷ ఐస్ కరగడానికి పట్టే వేడి. రోజు సగటు ఉష్ణోగ్రత సున్నాకు ఎన్ని డిగ్రీలు పైన ఉందో వేసవి రోజులన్నిటికీ కూడితే వచ్చేది డిగ్రీ-రోజులు. వేసవికి 1,200 డిగ్రీ-రోజులు అనుకుందాం. వాటిని 86,400 పెట్టి హెచ్చవేసి డిగ్రీ-సెకన్లలోకి మార్చుకోవాలి, కొత్తగా వేసేవాళ్లు తప్పేది ఇక్కడే. ఘనపు మీటరు పీట్‌లో 600 కిలోల నీరు గడ్డకట్టి ఉందనుకుంటే, కిలోకు 334 కిలోజౌళ్ల చొప్పున అది కరగడానికి సుమారు 200 మెగాజౌళ్లు. పై పొర సగటు విలువ 0.2 అయితే లోతు 46 సెం.మీ. వస్తుంది. 0.4 అయితే 64 సెం.మీ.

ఇప్పుడు వేసవి పది శాతం వేడెక్కిందనుకుని 1,320 డిగ్రీ-రోజులు పెడితే 64 కాస్తా 67.5 అవుతుంది, అంతే. పై పొర తడి మారితే 18 సెం.మీ. తేడా, వేసవి వేడి పది శాతం పెరిగితే మూడున్నర. సూత్రం మోటుదే, పొరలన్నీ ఒకటే అనుకుంటుంది. అయినా దిశ స్పష్టంగా చూపిస్తుంది. అందుకే పై 20 సెం.మీ.లోనే మూడు సెన్సర్లు పెట్టాలని నిర్ణయించాం, నేల తడి కొలిచే సెన్సర్ ఒకటి కలిపాం.

మే: ఉష్ణోగ్రత తీగలు

మూడు తీగలు, ఒక్కోదానికి ఎనిమిది డీఎస్18బీ20 సెన్సర్లు. లోతులు 2, 10, 20, 40, 60, 80, 100, 150 సెం.మీ. మెదడుగా 3.3 వోల్టుల ఆర్డుయినో ప్రో మినీ అనే చిన్న కంట్రోలర్ బోర్డు, టైముకు డీఎస్3231 గడియారం, రాసుకోవడానికి మైక్రో ఎస్‌డీ కార్డు, డేటా లైనుకు 4.7 కిలో ఓమ్ రెసిస్టర్. మూడు గంటలకొక రీడింగ్, అంటే ఏడాదికి 2,920 వరసలు. కరెంటుకు మూడు లిథియం ఏఏ సెల్స్. మామూలు ఆల్కలైన్ సెల్స్ పెడితే మైనస్ ఇరవైలో వోల్టేజీ పడిపోతుంది. సరిగ్గా కార్డు మీద రాసే క్షణంలో పడితే ఆ వరస ఒక్కటే కాదు, ఫైలు మొత్తం పాడవుతుంది. కాబట్టి నెలకొక కొత్త ఫైలు తెరిచేలా ప్రోగ్రాం మార్చాం.

ఈ సెన్సర్‌కు తయారీదారు ఇచ్చే హామీ ప్లస్ ఆర్ మైనస్ అర డిగ్రీ. మామూలు పనులకు చాలు, ఇక్కడ చాలదు. పర్మాఫ్రాస్ట్ కథంతా సున్నాకు అటూ ఇటూ అర డిగ్రీలోనే నడుస్తుంది. అందుకని ప్రతి సెన్సర్‌నూ ఐస్ బాత్‌లో పెట్టి దాని తప్పు ఎంతో రాసుకోవాలి. పద్ధతి: డిస్టిల్డ్ వాటర్‌తో చేసిన ఐస్‌ను మెత్తగా కొట్టి థర్మాస్ ఫ్లాస్కు నిండా కూరాలి. సందులు నిండేంత చల్లటి నీళ్లే పోయాలి. అరగంట ఆగి, కలుపుతూ పది రీడింగులు తీయాలి. నీళ్లు ఎక్కువైతే ఐస్ పైకి తేలి అడుగున నీరే మిగులుతుంది. నీటికి బరువెక్కువ ఉండేది 4 డిగ్రీల దగ్గర కాబట్టి అడుగు నీరు మెల్లగా అటు జరుగుతుంది. అప్పుడు మంచి సెన్సర్ కూడా తప్పుగా కనిపిస్తుంది. మొదటి విడతలో అదే జరిగింది, మొత్తం మళ్లీ చేశాం. రెండో విడతలో కూడా ఒక డిగ్రీ తేడా చూపిన సెన్సర్లను నకిలీ చిప్‌లుగా లెక్కగట్టి పక్కన పెట్టేశాం.

డేటాలో 85.0 కనిపిస్తే అది వేడి కాదు. చిప్‌కు కరెంటు అందగానే ఉండే మొదటి విలువ అది, కొలత పూర్తయ్యే 750 మిల్లీసెకన్లు ఆగకుండా చదివితే అదే వస్తుంది. మైనస్ 127 వస్తే సెన్సర్ జవాబివ్వలేదని అర్థం. ఈ రెండింటినీ ఉన్నదున్నట్టు ఫైల్లో ఉంచి, సగటు తీసేటప్పుడు వదిలేయాలి. ముందే తుడిచేస్తే ఏ తీగ ఎప్పటి నుంచి చెడిపోయిందో తర్వాత పట్టుకోలేం.

స్టీలు తొడుగు సెన్సర్లలోకి నీరు దూరేది తొడుగు నుంచి కాదు, వైరు బయటికి వచ్చే మూతి నుంచి. అక్కడ ఎపాక్సీ పోసి, పైన జిగురు లోపలున్న హీట్ ష్రింక్ ట్యూబు వేశాం. హాట్ గ్లూ వాడొద్దు, చలికి పెళుసెక్కి ఊడొస్తుంది. పీవీసీ వైరు కూడా చలికి కర్రలా బిగుసుకుని పగులుతుంది, సిలికాన్ తొడుగున్న వైరు తీసుకోవాలి. నేల పైన కనిపించే వైరునంతా లోహపు గొట్టంలో దాచాలి. లెమ్మింగ్‌లు (ఇక్కడి ఎలుకజాతి జంతువులు) కొరికేస్తాయి.

జూన్: పాతడం

మొదట పరిచింది సెన్సర్లు కాదు, మేం నడవడానికి పలకలు. నాచు మీద ఒకే చోట పదిసార్లు నడిస్తే అది నొక్కుకుపోయి గుంట పడుతుంది. గుంటలో నీరు చేరుతుంది. నల్లటి నీరు ఎండను పీల్చుకుంటుంది, తడి పీట్ వేడిని కిందికి దించుతుంది. వచ్చే ఏడు అక్కడ ఐస్ లోతు పెరుగుతుంది, అది వాతావరణం చేసిన పని కాదు, మన కాళ్లు చేసింది. గీతకు ఉత్తరం వైపు మాత్రమే పలకలు వేసి, దక్షిణం వైపు అడుగు పెట్టకూడదని నియమం పెట్టుకున్నాం.

కరిగిన పొరలో చేతి ఆగర్ (చేత్తో తిప్పి నేలలో రంధ్రం చేసే పరికరం) చాలు. కింద గడ్డకట్టిన పీట్ తగిలాక స్టీలు పైపును సుత్తితో దించాలి. ప్రతి 10 సెం.మీ.కు ఒకసారి పైకి లాగి లోపలి ముద్ద తీసేయాలి. ఒకేసారి దించేద్దామని చూస్తే రాపిడికి కొంచెం కరిగి, ఆగిన నిమిషంలో మళ్లీ గడ్డకట్టి పైపు అక్కడే ఇరుక్కుపోతుంది. బయటికొచ్చిన ముద్దను పలక మీద పెట్టి కత్తితో నిలువునా చీల్చితే ముదురు గోధుమరంగు పీట్ మధ్యలో గోరు మందాన అద్దంలాంటి ఐస్ పొరలు, అడ్డంగా, ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. వేలు ఆనిస్తే అంచు మెరిసి నీటిబొట్టు జారుతుంది. పీట్ రంధ్రాల్లో పట్టేదానికి మించిన ఐస్ అది. ఈ పొరలే గుట్టను పైకెత్తాయి, ఇవి కరిగితేనే గుట్ట కూలుతుంది. ఫొటో తీసి ఏ లోతులో ఎంత మందమో రాసుకున్నాం, సెప్టెంబరులో ఇది పనికొస్తుంది.

రంధ్రం 30 మిల్లీమీటర్లు, తీగ కట్టిన ఫైబర్ గ్లాస్ కర్ర 12. మధ్య ఖాళీని అదే పీట్ నీళ్లలో కలిపి చిక్కటి జావగా పోసి నింపాలి. ఖాళీ వదిలితే వాన నీరు నేరుగా అడుగుకు దిగి 100 సెం.మీ. సెన్సర్‌కు పై పొర వేడి తెలుస్తుంది. లోహపు కర్ర వాడకూడదు, కర్రే వేడిని మోసుకుపోతుంది. తవ్విన చోటు మళ్లీ స్థిరపడాలి కాబట్టి మొదటి చలికాలం దాటేవరకు ఆ డేటాను లెక్కలోకి తీసుకోం.

జూలై: మీథేన్

ఈ పని ఎందుకంటే, ఉత్తర ప్రాంతాల పీట్ నేలల్లో సుమారు 41,500 కోట్ల టన్నుల కార్బన్ ఉందని అంచనా. అందులో దాదాపు 18,500 కోట్ల టన్నులు పర్మాఫ్రాస్ట్ తాకిన పీట్‌లో ఉంది. ఇన్నాళ్లూ చలి, తడి కలిసి కుళ్లడాన్ని ఆపాయి. గుట్ట ఎండుగా ఉన్నంతకాలం మీథేన్ దాదాపు రాదు. గుట్ట కూలి మడుగైతే గాలి అందని బురదలో మీథేన్ చేసే సూక్ష్మజీవులకు చోటు దొరుకుతుంది. ఇక్కడికి పది కిలోమీటర్లలోపే ఉన్న స్టోర్డాలెన్ పీట్ నేల మీద జరిగిన అధ్యయనంలో 1970 నుంచి 2000 మధ్య మొక్కల తీరు మారడం వల్ల మీథేన్ విడుదల 22 నుంచి 66 శాతం పెరిగిందని తేలింది. అక్కడి కరిగే పీట్‌లోనే దొరికిన ఒక మీథేన్ సూక్ష్మజీవికి 2014లో ఆ చోటి పేరే పెట్టారు, మెథనోఫ్లోరెన్స్ స్టోర్డాలెన్‌మైరెన్సిస్ అని. మడుగు గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను గట్టిగా పీల్చుకుంటుంది కూడా, దాన్ని దాచకూడదు. కానీ కిలోకు కిలో చూస్తే వందేళ్ల లెక్కలో మీథేన్ వేడి కార్బన్ డయాక్సైడ్‌కు 27 రెట్లు. అందుకే రెండూ కొలిస్తే తప్ప ఏ మడుగు ఏ వైపు తూగుతోందో తెలియదు.

గుట్ట మీద రెండు, అంచున రెండు, మడుగులో రెండు కాలర్లు. కాలర్ అంటే 40 సెం.మీ. వెడల్పు పీవీసీ రింగు. పీట్‌లో కత్తితో గాడి కోసి 10 సెం.మీ. దించాలి. నొక్కి దించితే వేళ్లు తెగి, బుడగలు తోసుకొచ్చి కొన్ని వారాల పాటు అంకెలు పాడవుతాయి. మా కాలర్లు జూన్ మొదటి వారంలోనే వేసేశాం. పైన పెట్టే డబ్బా లోపలి ఎత్తు 30 సెం.మీ., వెలుగు రాకుండా అల్యూమినియం రేకు చుట్టాం. లోపల చిన్న కంప్యూటర్ ఫ్యాను, పీడనం సమం కావడానికి సన్నటి ట్యూబు. ఫ్యాను లేకపోతే వాయువు అడుగున పొరలుగా ఉండిపోతుంది. ఎక్కువ జోరుగా తిప్పితే అదే నాచులోంచి వాయువును లాగేస్తుంది. ఐదు నిమిషాలు మూసి, సెకనుకొక రీడింగ్.

లెక్క ఉదాహరణకు: మీథేన్ నిమిషానికి 0.6 పీపీఎం (పది లక్షల్లో 0.6 వంతు) పెరుగుతోంది, ఎత్తు 0.3 మీటరు, 10 డిగ్రీలు, 970 హెక్టోపాస్కల్స్. అక్కడ ఘనపు మీటరు గాలిలో 41 మోల్స్ ఉంటాయి. చదరపు మీటరుకు గంటకు సుమారు 7 మిల్లీగ్రాముల మీథేన్ వస్తుంది. 0.3 అన్నది డబ్బా ఎత్తు మాత్రమే. కాలర్‌లో నాచు ఎంత కిందికి ఉందో దాన్ని కూడా కలపాలి, ప్రతిసారీ స్కేలుతో నాలుగు వైపులా కొలిచి. 3 సెం.మీ. మరిచిపోతే జవాబు పది శాతం తప్పు.

గ్రాఫులో మెట్టులా ఒక్కసారిగా ఎగిరితే అది బుడగ. పలక కదిలి వచ్చిన బుడగైతే మళ్లీ కొలవాలి. ఎవరూ కదలకుండా వచ్చిందైతే అది నిజమైన విడుదలే, విడి వరసలో రాయాలి. సాఫీ గీత కాలేదని పారేస్తే మడుగు అసలు ఊపిరినే పారేసినట్టు. ఎరియోఫోరం గడ్డి ఉన్న కాలర్‌కు డబ్బా పెట్టేటప్పుడు ఒక్క కాడ కూడా విరగకూడదు. దూదిపింజల్లాంటి తలలతో ఊగే ఈ గడ్డి కాడలు లోపల బోలుగా ఉంటాయి. బురదలోని మీథేన్ పై పొర ఆక్సిజన్‌కు చిక్కకుండా వీటిలోంచే గాలిలోకి వచ్చేస్తుంది.

సెప్టెంబరు: కడ్డీ, ట్యూబ్ లెవెల్

ఏడాది మొత్తంలో ముఖ్యమైన వారం ఇది. ఐస్ అత్యంత లోతుకు దిగేది సెప్టెంబరు మధ్యలో. జూలైలో కొలిచిన లోతును పక్క ఏటి సెప్టెంబరుతో పోల్చడం పనికిరాదు.

కడ్డీ 10 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు, పొడవు 150 సెం.మీ., పైన అడ్డంగా పిడి. సెం.మీ.కొక గాటు కోయించాం, పెయింటు గీతలు రెండు సీజన్లలో అరిగిపోతాయి. నిదానంగా, నిలువుగా దించాలి. ఐస్ తగిలితే దబ్‌మని బరువైన చప్పుడుతో ఆగిపోతుంది, ఎంత నొక్కినా కదలదు. రాయి తగిలితే గరగరమని పిడిలోకి అదురు వస్తుంది. పాత వేరు తగిలితే కొంచెం దిగబడి తిరిగి పైకి తోస్తుంది. ఒక్కో బిందువు దగ్గర జానెడు దూరాల్లో మూడు పోట్లు పొడిచి మధ్య విలువ రాయాలి. కడ్డీని లోపల నిమిషాల తరబడి ఉంచొద్దు, ఎండకు వేడెక్కిన కడ్డీ మొన ఐస్‌ను కరిగించి ఇంకో సెం.మీ. దిగుతుంది.

మడుగు బిందువుల్లో కడ్డీ పిడి దాకా దిగిపోయింది. అక్కడ 150 అని రాయకూడదు, "150 పైన" అని రాయాలి. 150 అని రాసి 13 బిందువుల సగటు తీస్తే, ఐస్ పూర్తిగా పోయిన చోట్లు పెరిగేకొద్దీ సగటు ఒక గీత దగ్గర ఆగిపోయి, పరిస్థితి నిలకడగా ఉందని చెబుతుంది. మేం ఐస్ తగిలిన బిందువుల సగటు ఒకటి, ఐస్ తగలని బిందువుల సంఖ్య ఒకటి విడిగా ఇస్తున్నాం.

ఇక ఈ డైరీలో అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సిన విషయం. కడ్డీ కొలిచేది నేల పైనుంచి ఐస్‌కు ఉన్న దూరం. నేలే దిగిపోతుంటే? నిరుడు 50, ఈ ఏడు 52 వచ్చిందనుకోండి. రెండు సెం.మీ.యే కదా అనిపిస్తుంది. అదే సమయంలో ఐస్ పొరలు కరిగి నేల 7 సెం.మీ. కుంగి ఉంటే, ఐస్ పైభాగం నిజంగా దిగింది 9 సెం.మీ. జూన్‌లో కోసి చూసిన ముద్దలో ఐస్ పొరలు ఎక్కువున్న బిందువుల దగ్గరే కడ్డీ ఎక్కువ మోసం చేస్తుంది. నేల ఎత్తు కొలవకుండా లోతు ఒక్కటే ప్రకటిస్తే పాల్సా విషయంలో ప్రమాదాన్ని తగ్గించి చెప్పినట్టే.

ఎత్తుకు వాడింది మన మేస్త్రీలు పునాది లెవెల్ చూసే ట్యూబే. 20 మీటర్ల పారదర్శక ట్యూబు, లోపల రంగు కలిపిన నీళ్లు. ఒక కొస ఆనవాలు దగ్గర, రెండో కొస బిందువు దగ్గర పట్టుకున్న స్కేలుకు. ఆనవాలు గీతకు 15 మీటర్ల దూరంలో బయటికి కనిపిస్తున్న కొండరాయిలో దింపిన బోల్టు. పీట్‌లో పాతిన కర్రను ఆనవాలుగా పెట్టుకోవద్దు, గడ్డకట్టినప్పుడు నేల దాన్ని పట్టి పైకి లాగుతుంది. రెండు చలికాలాలకు కర్ర లేచిపోయి, నేల కుంగిందని అబద్ధం చెబుతుంది. ట్యూబులో ఒక్క గాలిబుడగ ఉన్నా తప్పే, కాబట్టి నీళ్లు నింపి రాత్రంతా వేలాడదీసి ఉంచాలి. సగం ట్యూబు ఎండలో, సగం నీడలో ఉన్నా నీటి సాంద్రత మారి గీత జరుగుతుంది, కాబట్టి మబ్బు పట్టిన పూట మంచిది. ఒకేసారి అందని బిందువులకు మధ్యలో మలుపు పెట్టుకుని, చివరికి బోల్టు దగ్గరికే తిరిగొచ్చి మూసుకోవాలి. తేడా సెం.మీ. దాటితే మొత్తం మళ్లీ.

కడ్డీలో ఒక సెం.మీ., ట్యూబులో అర సెం.మీ. తప్పు ఉంటుందని లెక్కేసుకుంటే, రెండేళ్ల తేడాలో కలిసి 1.6 వస్తుంది. అందుకని ఒక్క బిందువు దగ్గర 3 సెం.మీ. లోపు మార్పును మార్పుగా ప్రకటించం. ఈ ప్రాంతంలోని తొమ్మిది పీట్ నేలల్లో 1978 నుంచి 2006 దాకా జరిగిన కొలతల్లో కరిగే పొర ఏటా 0.7 నుంచి 1.3 సెం.మీ. చొప్పున మందమైంది. అంటే ఒక ఏడాది మార్పు మా తప్పు కంటే చిన్నది. రెండేళ్ల డేటాతో తీర్పు చెప్పే హక్కు ఎవరికీ లేదు. బిందువులు ఎక్కువ ఉండాలి, ఏళ్లు ఎక్కువ ఉండాలి. అంతర్జాతీయంగా వాడే పద్ధతిలో 100 మీటర్ల చదరంలో 10 మీటర్లకొకటి చొప్పున 121 బిందువులు ఉండేది ఇందుకే. మా గీత 13 దగ్గరే ఉంది, వచ్చే ఏడు 2.5 మీటర్లకొకటి చేసి 25కు పెంచుతున్నాం.

అక్టోబరు: హిమం పడకముందే

గుట్ట నెత్తి మీద హిమాన్ని గాలి ఊడ్చేస్తుంది, అందుకే అక్కడ నేల బాగా చల్లబడుతుంది. అంచు కూలి గుంట పడితే హిమం ఆ గుంటలో పేరుకుంటుంది. అది దుప్పటిలా కప్పి చలిని లోపలికి రానివ్వదు. అంచు ఇంకా కరుగుతుంది, గుంట ఇంకా పెరుగుతుంది. దగ్గర్లోని స్టోర్‌ఫ్లాకెట్ పీట్ నేలలో 2005 నుంచి కంచెలు పెట్టి హిమాన్ని దాదాపు రెట్టింపు చేసి చూశారు. కొన్నేళ్లకే నేల వేడెక్కి, కరిగే పొర మందమై, నేల కుంగి, ఎరియోఫోరం పెరిగింది. ఇక్కడ చలికాలంలో ఎక్కువ హిమం పడటమంటే నేలకు వేడే.

దాంతో 13 బిందువుల్లో నాలుగు దగ్గర హిమం కర్రలు పాతాం. ఒక్కో చెక్క కర్రకు 0, 20, 40, 60 సెం.మీ. ఎత్తులో సెన్సర్లు. గాలిలో ఉన్న సెన్సర్ చూపే ఉష్ణోగ్రత రాత్రికీ పగటికీ ఊగుతుంది, హిమం కప్పగానే ఆ ఊగడం ఆగుతుంది. ఏ రోజు ఏ సెన్సర్ ఆగిందో చూస్తే మనిషి వెళ్లకుండానే హిమం ఎత్తు తెలుస్తుంది. కర్రలకు తెల్ల రంగు వేయాలి, లేకపోతే వసంతం ఎండకు కర్ర వేడెక్కి చుట్టూ హిమాన్ని కరిగించి గుంట చేస్తుంది.

ఈ వారం 20 సెం.మీ. సెన్సర్లు సున్నా దగ్గరికి వచ్చి నిలిచాయి. నీరు గడ్డకట్టేటప్పుడు వదిలే వేడి ఉష్ణోగ్రతను అక్కడే పట్టి ఉంచుతుంది. ఈ ఆగడం ఎన్ని రోజులుంటే పీట్‌లో అంత నీరున్నట్టు. ఐస్ బాత్‌లో రాసుకున్న సవరణలు ఇప్పుడు పనికొస్తున్నాయి, అవి లేకపోతే ఒక సెన్సర్ గడ్డకట్టిందనీ పక్కది కట్టలేదనీ చెప్పేది.

మిగిలిన పని: 9వ బిందువు దగ్గర అంచున వేలు దూరేంత పగులు కనిపించింది. పగులుకు అటూ ఇటూ రెండు స్టీలు మేకులు దించి మధ్య దూరం కొలిచి రాశాం. హిమం కరగగానే మే నెలలో మొదట కొలవాల్సింది అదే. రెండో తీగ డబ్బాలో సిలికా జెల్ మార్చాలి. మడుగు కాలర్లలో ఒకటి పక్కకు ఒరిగింది, నేల పూర్తిగా గడ్డకట్టేలోపు సరిచేయాలి.